పైమూత లోపల

దయామణిగారింట్లో ట్యూబులైటు
ఇరవై రెండేళ్ళు బతికింది, అందులో సగం గుడ్డిగా.
వెలిగే ముందు మూడుసార్లు రెప్ప కొట్టేది.
చీపురుకట్టతో పొడిస్తే తప్ప లేచేది కాదు.
చోక్ రాత్రంతా తుమ్మెద రొద.
"ఇంక తీసెయ్ పెద్దిరాజూ" అంది.

మెయిన్ దించాను. టెస్టరు పెట్టి మళ్ళీ చూశాను.
దించిన మెయిన్‌ని నమ్మినవాడు మా మావయ్య,
కుడిచేతి చూపుడువేలికి గోరు లేదాయనకి.
తాటిదూలానికి కొట్టిన చెక్క బ్లాకు
ఉప్పుగాలికి నాని బెల్లమ్ముక్కలా విరిగింది.
లోపల చీమగుడ్లు, ఎండిన బల్లితోక,
మూడు వైర్లు. మూడూ నలుపే.
ఒకటి ఫేజు, ఒకటి న్యూట్రలు, మూడోది ఎటూ పోదు.
లాగిన మహానుభావుడు
తనకి తెలిస్తే చాలనుకున్నాడు.
ఒకదానికి ఎర్ర టేపు చుట్టాను,
నా తరవాత వచ్చేవాడి కోసం.

గది నడిమధ్యనైతే అందమని నేనే జరిపాను
గుండ్రటి ప్యానెల్, పదిహేను వాట్లు.
స్విచ్ వెయ్యగానే
ఇల్లు తెల్లబోయింది.
మూల బూజు, గంగాళం సొట్ట, దండెం మీద చీర చిరుగు
ఒక్కసారే బయటపడ్డాయి.
ఆవిడ కొంగు భుజం మీదికి లాక్కుంది,
ఎవరో కొత్తవాళ్ళు వచ్చినట్టు.

తొమ్మిదో రోజు ఫోను.
"నీ లైటు బానే ఉంది గానీ
నా దారం కనపడట్లేదు."
నవ్వాను. వెలుగెక్కువై కనపడకపోవడమేంటండీ?
"వచ్చి చూడు."

చూశాను.
ఒళ్ళో దుప్పటంత తెల్ల లేసు,
నెత్తి మీంచి తిన్నగా పడే తెల్ల వెలుగు.
కన్నానికీ కన్నానికీ మధ్య గోడలు కరిగిపోయి
పాలమీగడలా ఉంది.
"కొక్కెం ఎక్కడ దించాలో
నాకు నీడ చెప్తుందయ్యా.
ఆ గుడ్డి ట్యూబు ఓరగా ఉండేది, నీడనిచ్చేది."
పువ్వుకింత అని లెక్క ఆవిడకి.
ఒక్క అల్లు తప్పితే
ఏజెంటు వేలు పెట్టి చూపించి మరీ కోస్తాడు.

గొణుక్కుంటూ మళ్ళీ స్టూలెక్కాను.
పాత దూలానికే కొత్త సీలింగ్ రోజ్,
దాన్నుంచి రెండు మూరల వైరు,
చివర హోల్డరు, పసుపు వెలుగు బల్బు.
ఆవిడ ఎడమ భుజానికి జానెడు వెనగ్గా.
"దించు. ఇంకొంచెం. అంత కాదు. ఆఁ, ఆయ్, అక్కడే."

మూత బిగించే ముందు
లోపల వైరుకి ముడి వెయ్యాలి.
వేలాడే బరువు ముడి మీద పడాలి, స్క్రూల మీద కాదు.
మావయ్య నేర్పిన ముడి,
నేను సగం ఇళ్ళల్లో ఎగ్గొట్టిన ముడి.
మూత పెట్టాక ఎవడు చూడొచ్చాడు?
ఆ పూటా మూత పైకి తోశాను.
"ఆగు. దాన్ని లోపల ఏం పట్టుకుంది?"

కొక్కెం పక్కన పెట్టి కుర్చీ ఎక్కింది
అరవై ఏడేళ్ళ మనిషి.
రెండు తోకలూ ఒకదాని వెనకాల ఒకటి తిప్పి
దూర్చి లాగింది.
నా ముడి కన్నా చిన్నది,
లాగినకొద్దీ బిగిసింది.
"అల్లిక కొసని ఇలాగే కడతాం.
పైకి కనపడదు.
తిరగేసి చూసేవాళ్ళుంటారు."

స్విచ్ వేశాను.
లేసులో కన్నం కన్నానికీ ఓ చిన్న నీడ మొలిచింది.
ఆవిడ కొక్కెం అందుకుంది,
నేనున్న సంగతి మర్చిపోయింది.
రెండోసారి మజూరీ నేనడగలేదు,
ఆవిడ ఇవ్వనూ లేదు.

చీకటిపడ్డాక పంటు కదిలింది.
సరంగు గది కప్పుకి బల్బు
వశిష్ఠ అల వచ్చినప్పుడల్లా ఊగుతోంది.
ఇన్నేళ్ళూ దాని కిందే నిలబడి బీడీ కాల్చాను.
ఈసారి తలెత్తి పైమూత వంక చూశాను.

సఖినేటిపల్లి ఒడ్డు లైట్లు దగ్గరపడుతున్నాయి.
మెరకవీధి వెంకాయమ్మగారిది, వేశాను.
రైసుమిల్లు ఆఫీసు, వేశాననే అనుకుంటా.
బడి వరండా...
ఆ రోజు వాన,
ఆఖరి పంటు కోసం తొందర.